మెడలో బిళ్ళ ఎక్కడ కట్టింది?

పిల్లాడికి తలంటు పోస్తుంటే పెడతల కింద, మెడ మొదలయ్యే చోట, సెనగ గింజంత ఉండ అమ్మ వేలికి తగులుతుంది. నొక్కితే కొంచెం జారుతుంది. పిల్లాడు అన్నం తింటున్నాడు, ఆడుకుంటున్నాడు, నొప్పి అనడం లేదు. అయినా ఆ రాత్రి అమ్మకు నిద్ర పట్టదు. మరో ఇంట్లో యాభై దాటిన పెద్దాయన అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే దవడ కింద గట్టి ఉండ ఒకటి చేతికి తగులుతుంది. నొప్పి లేదు కదా అని ఆయన వదిలేస్తాడు. రెండు నెలలు గడిచిపోతాయి.

చాలాసార్లు ఈ ఇద్దరిలో డాక్టరు దగ్గరకు పరుగెత్తాల్సింది పెద్దాయనే. వేలికి తగిలినవి రెండూ ఒకే జాతి గ్రంథులు. తేడా అల్లా అవి మెడలో ఎక్కడ ఉన్నాయి, తాకితే ఎలా ఉన్నాయి, ఎన్నాళ్ళుగా ఉన్నాయి అన్నదాంట్లో ఉంది. అనుభవమున్న డాక్టరు ఆ బిళ్ళ మీద వేలు పెట్టగానే తల్లిని "తలలో పేలున్నాయా అమ్మా?" అని అడుగుతారు. పెద్దాయనతో మాత్రం ముందు "నోరు తెరవండి" అంటారు. మెడ మీద చెయ్యి పెట్టి తలలోకీ నోట్లోకీ ఎందుకు చూస్తారన్నదే ఈ వ్యాసం.

నిజానికి ఈ సంగతి మనకు సగం తెలిసిందే. కాలికి ముల్లు గుచ్చుకుని పుండు పడితే గజ్జలో బిళ్ళ కడుతుందనీ, చేతికి గాయమైతే చంకలో కడుతుందనీ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. గజ్జలో బిళ్ళ కనిపిస్తే పెద్దవాళ్ళు ముందు కాలి వేళ్ళ సందులు వెతుకుతారు. మెడ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ తెలివి పక్కకు పోతుంది. వేడి చేసిందనో, తలగడ సరిగ్గా లేదనో అనుకుని ఊరుకుంటాం. మెడలోనూ పనిచేసేది ఆ గజ్జ సూత్రమే. కాకపోతే మెడకు ఎగువన ఉన్నది ఒక్క కాలు లాంటిది కాదు. తల చర్మం, కళ్ళు, చెవులు, ముక్కు, నోరు, నాలుక, గొంతు, థైరాయిడ్ ఉన్నాయి. అందుకే ఇక్కడ బిళ్ళల పటం కొంచెం చిక్కుగా ఉంటుంది.

వడగట్టే గింజలు

సన్నని రక్తనాళాల గోడల్లోంచి నీరులాంటి ద్రవం నిరంతరం బయటికి ఊరి కణాలను తడుపుతుంటుంది. అందులో ఎక్కువ భాగం మళ్ళీ రక్తనాళాల్లోకే చేరుతుంది. మిగిలినదాన్ని పోగుచేసి తిరిగి రక్తంలో కలపడానికి శరీరమంతా వేరే సన్నని గొట్టాల వల ఉంది. వాటిలో పారే ద్రవమే లింఫ్. మన పాఠ్యపుస్తకాల్లో శోషరసం అంటారు. రోజుకు సుమారు 2 నుంచి 3 లీటర్ల ద్రవం ఈ దారిన రక్తానికి తిరిగి చేరుతుంది. దారిలో అక్కడక్కడ కాపలా గదులున్నాయి. అవే లింఫ్ గ్రంథులు. ఒక మనిషిలో ఇవి 500 నుంచి 800 దాకా ఉంటాయని అనాటమీ పుస్తకాలు చెబుతాయి. వాటిలో దాదాపు మూడో వంతు మెడలోనే ఉన్నాయి. గాలి, అన్నం, నీళ్ళు, వాటితోపాటు సూక్ష్మజీవులు లోపలికి వచ్చే ద్వారాలన్నీ ముఖంలోనే ఉన్నాయి కాబట్టి కాపలా కూడా అక్కడే ఎక్కువ.

ఒక్కో గ్రంథి చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుంది. చుట్టూ పలుచని తొడుగు. గింజ ఉబ్బుగా ఉన్న వైపు నుంచి చాలా నాళాలు లోపలికి వస్తాయి. నొక్కు ఉన్న వైపు నుంచి ఒకటో రెండో బయటికి పోతాయి. రక్తనాళాలు లోపలికి వెళ్ళేదీ ఆ నొక్కు దగ్గరే. లోపలికి వచ్చిన లింఫ్ ముందుగా తొడుగు అడుగునే ఉన్న సన్నని కాలవలోకి చేరి, అక్కడి నుంచి మధ్యకు మెల్లగా ఇంకుతుంది. బయటి పొరలో యాంటీబాడీలకు మూలమైన బి కణాలు గుంపులుగా ఉంటాయి. దాని లోపలి పొరలో టి కణాలుంటాయి. గొంతులో క్రిమి చేరిందనుకోండి. దాని ముక్కల్ని మోసుకుని డెండ్రిటిక్ కణాలు అక్కడికి దగ్గరలోని గ్రంథికి చేరి టి కణాలకు చూపిస్తాయి. ఆ ముక్కను గుర్తుపట్టగల కణాలు లక్షల్లో కొన్ని మాత్రమే ఉంటాయి కాబట్టి, వెతుకులాట పూర్తయ్యేదాకా గ్రంథి బయటికి పోయే దారిని కొంతసేపు బిగించేస్తుంది. లోపలికి కణాలు వస్తూనే ఉంటాయి, గుర్తుపట్టిన కణాలు విడిపోయి వేలల్లో పెరుగుతాయి. గ్రంథిని బిగించి పట్టుకునే లోపలి అల్లిక కూడా ఈ సమయంలో సడలుతుంది. తొడుగు సాగి నొప్పి పుడుతుంది. మనం బిళ్ళ కట్టిందంటున్నది దీన్నే. నొప్పితో, మెత్తగా, త్వరగా వచ్చిన బిళ్ళ చాలావరకు గ్రంథి తన పని తాను చేస్తోందనడానికి గుర్తు.

మెడ మీద వేళ్ళతో ఒక ప్రయాణం

పెడతల నుంచి మొదలుపెడదాం. తల, మెడ కలిసే చోట చుట్టూ కాలర్‌లాగా ఒక వరుస గ్రంథులున్నాయి. పుర్రె అడుగున, వెనక ఉన్నవి తల వెనక చర్మానికి కాపలా. పేలు, గోకిన పుండ్లు, తలలో తామర, సెగగడ్డలు ఉంటే ఇవి ఉబ్బుతాయి. మొదట చెప్పిన పిల్లాడి బిళ్ళ ఇదే. చెవి వెనకవి తల పక్క భాగాన్నీ చెవి వెనక వైపునూ చూసుకుంటాయి. రుబెల్లా వచ్చినప్పుడు చెవి వెనకా పెడతల కిందా బిళ్ళలు వరుసగా తేలడం పిల్లల డాక్టర్లకు బాగా పరిచయమైన గుర్తు. చెవికి ముందు, కణత కింద ఉన్నవి నుదుటి పక్క భాగానికీ కనురెప్పలకూ చెందినవి. వైరస్ వల్ల కళ్ళకలక వచ్చినప్పుడు అక్కడ నొక్కి చూస్తే చాలామందికి చిన్న నొప్పి గింజ తగులుతుంది. కళ్ళకలకకు మెడ చూడటమేమిటని ఆశ్చర్యపోకండి.

కాలర్‌లో మిగిలినవి దవడ కింద. గడ్డం కొనకు సరిగ్గా కింద మధ్యలో ఉన్నవి కింది పెదవి మధ్య భాగం, ముందు పళ్ళ చిగుళ్ళు, నాలుక కొన నుంచి వచ్చే లింఫ్‌ను అందుకుంటాయి. వాటికి రెండు పక్కలా దవడ ఎముక కింద ఉన్నవి బుగ్గ, పెదవులు, చిగుళ్ళు, నాలుక అంచు, దంతాలకు చెందినవి. డాక్టర్లు ఈ రెంటినీ కలిపి 1వ స్థాయి అంటారు. పుచ్చిన దవడ పన్నును ఏళ్ళ తరబడి వదిలేసినవాళ్ళకు ఇక్కడ ఒక గింజ శాశ్వతంగా ఉండిపోతుంది. మన దేశంలో ఇది ఎంత మామూలంటే, దవడ కింద చిన్న గ్రంథి తగలని పెద్దవాళ్ళు తక్కువ.

ఇప్పుడు నిలువు వరుసలోకి దిగుదాం. ముఖాన్ని కుడివైపుకు తిప్పి, గడ్డానికి అరచెయ్యి అడ్డం పెట్టి నెట్టండి. మెడకు ఎడమవైపున చెవి వెనక ఎముక నుంచి ఛాతీ ఎముక దాకా ఏటవాలుగా ఒక కండరం తాడులా బిగుసుకుంటుంది. దీని పేరు స్టెర్నోక్లీడోమాస్టాయిడ్. పేరు పొడుగే కానీ మెడ పటమంతా దీని చుట్టూనే ఉంది. ఈ కండరం అడుగున, పెద్ద జుగులర్ సిరను పట్టుకుని పైనుంచి కిందికి గ్రంథుల గొలుసు సాగుతుంది. దాన్ని మూడు ముక్కలుగా లెక్కిస్తారు. పుర్రె అడుగు నుంచి హయాయిడ్ ఎముక దాకా 2వ స్థాయి, అక్కడి నుంచి స్వరపేటిక అడుగున ఉండే క్రైకాయిడ్ మృదులాస్థి దాకా 3వ స్థాయి, అక్కడి నుంచి కాలర్ ఎముక దాకా 4వ స్థాయి. దవడ మూలకు కొంచెం కింద ఉన్న 2వ స్థాయి గ్రంథికి టాన్సిల్‌తో ఎంత దగ్గర సంబంధమంటే, దాన్ని టాన్సిల్ గ్రంథి అనే పిలుస్తారు. పిల్లలకు గొంతు నొప్పి వచ్చినప్పుడు మొదట తగిలేది అదే. తగ్గాక కూడా నెలల తరబడి చిన్నగా మిగిలిపోవడం మామూలే. మెడలోని ఇతర గ్రంథులు 1 సెంటీమీటరు దాటితే గమనించాలంటారు. దీనికి మాత్రం ఒకటిన్నర సెంటీమీటరు దాకా మినహాయింపు ఇస్తారు.

3, 4 స్థాయిలు స్వరపేటిక, గొంతు కింది భాగం, థైరాయిడ్ నుంచి వచ్చే దారుల మీద ఉన్నాయి. కండరానికి వెనక, భుజం కండరానికి ముందు, కాలర్ ఎముకకు పైన ఏర్పడే త్రికోణం 5వ స్థాయి. తల వెనక చర్మం నుంచీ, ముక్కు వెనక గొంతు పైభాగం నుంచీ దారులు ఇక్కడికి వస్తాయి. ముక్కు వెనక క్యాన్సర్ మన దేశంలో నాగాలాండ్ ప్రాంతంలో ఎక్కువ. అక్కడ చాలామందిని ఆస్పత్రికి తెచ్చేది ముక్కు బాధ కాదు, మెడ పక్కన తేలిన బిళ్ళ. ఇక గొంతు ముందు మధ్యలో, థైరాయిడ్‌ను ఆనుకుని ఉన్నవి 6వ స్థాయి. ఇవి మామూలుగా వేలికి అందవు.

ఎడమ కాలర్ ఎముక పైన ఉన్న గుంటను వేరుగా చెప్పుకోవాలి. కాళ్ళు, పొట్ట, ఛాతీ ఎడమ భాగం, ఎడమ చెయ్యి, ఇలా శరీరంలో అధిక భాగం నుంచి పోగైన లింఫ్ ఒక పెద్ద నాళం గుండా పైకెక్కి, మెడ అడుగున ఎడమవైపే సిరలో కలుస్తుంది. కుడి చెయ్యి, తల-మెడల కుడి భాగం, ఛాతీ కుడి భాగం మాత్రం కుడివైపు కలుస్తాయి. అందువల్ల జీర్ణాశయంలో పుట్టిన క్యాన్సర్ ఒక్కోసారి తన మొదటి గుర్తును ఎక్కడో దూరంగా ఎడమ మెడ గుంటలో చూపిస్తుంది. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో దీన్ని గమనించి రాశాడు. ఇప్పటికీ ఆ గ్రంథి ఆయన పేరుతోనే ఉంది. కాలర్ ఎముక పైన, ఏ వైపైనా సరే, పెద్దవాళ్ళలో బిళ్ళ తగిలితే నొప్పి ఉందా లేదా అని చూడకుండా డాక్టరుకు చూపించాల్సిందే.

ఒక హెచ్చరిక కూడా. మెడలో తగిలేదల్లా లింఫ్ గ్రంథి కాదు. దవడ కింద రెండువైపులా ఉండే లాలాజల గ్రంథులు వయసుతో కిందికి జారి ఉండల్లా అనిపిస్తాయి. హయాయిడ్ ఎముక కొన గట్టి గింజలా తగులుతుంది. వేలికింద కొట్టుకుంటుంటే అది కెరోటిడ్ ధమని, దాన్ని గట్టిగా నలపకండి. గుటక వేసినప్పుడు పైకి లేచేది సాధారణంగా థైరాయిడ్.

దవడ కింద గట్టి ఉండ

పెద్దాయన సంగతికి వద్దాం. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 1 లక్షా 40 వేల మందికి కొత్తగా నోటి క్యాన్సర్ వస్తోంది. మగవాళ్ళలో మొదటి స్థానం దీనిదే. గుట్కా, ఖైనీ, జర్దా, వక్క, చుట్ట, బీడీ దీనికి కారణాలని వేరే చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాల్లో ఆడవాళ్ళు నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటుంది. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిటికి వచ్చే క్యాన్సర్ వైద్య గ్రంథాలకెక్కింది. నోట్లో పుండు నుంచి విడిపోయిన క్యాన్సర్ కణం లింఫ్‌లో కొట్టుకుపోయి, ఆ దారిలోని మొదటి గ్రంథి తొడుగు కింది కాలవలో చిక్కుకుంటుంది. అక్కడ విత్తనంలా మొలుస్తుంది. గ్రంథి రాయిలా గట్టిపడుతుంది. తొడుగు చీలితే చుట్టూ ఉన్నవాటికి అతుక్కుని కదలకుండా అవుతుంది. క్రిమితో పోరాటం కాదు కాబట్టి మొదట్లో నొప్పి ఉండదు. "నొప్పి లేదు కదా" అన్న ధైర్యం ఇక్కడే మోసం చేస్తుంది. మెడ గ్రంథికి పాకిందంటే నోటి క్యాన్సర్ నుంచి బతికి బయటపడే అవకాశం దాదాపు సగానికి పడిపోతుందని వైద్యులు ఎప్పటినుంచో లెక్కగడుతున్నారు.

ఇక్కడొక చిక్కు ప్రశ్న దశాబ్దాలపాటు తెగలేదు. నోట్లో పుండు చిన్నదిగానే ఉంది, మెడలో బిళ్ళలేమీ తగలడం లేదు. అలాంటప్పుడు నోటి ఆపరేషన్‌తోపాటే మెడ గ్రంథులు కూడా తీసేయాలా, లేక బిళ్ళ కనిపించాక చూసుకోవచ్చా? తీస్తే చాలామందికి అనవసరంగా మెడ కోసినట్టవుతుంది. తీయకపోతే వేలికీ స్కానింగుకూ అందనంత చిన్న క్యాన్సర్ లోపల ఉండిపోవచ్చు. దీనికి జవాబు చెప్పింది ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి. డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం 2004 నుంచి 2014 దాకా రోగులను చేర్చుకుని రెండు పద్ధతులనూ పోల్చింది. మొదటి 500 మంది ఫలితాలు 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ముందుగానే గ్రంథులు తీసినవారిలో 3 ఏళ్ళకు 80 శాతం మంది బతికి ఉన్నారు. బిళ్ళ కనిపించేదాకా ఆగినవారిలో 67.5 శాతం. ప్రపంచమంతా ఈ ఫలితాన్ని లెక్కలోకి తీసుకుంది. మన ఆస్పత్రిలో, మన రోగుల మీద, మన అలవాట్లు తెచ్చిన జబ్బుకు దొరికిన జవాబిది. ఇంకా ఎక్కువమందికి తెలియాల్సిన పని.

ఆ అధ్యయనంలో ముందుగా తీసినవి మెడలోని అన్ని గ్రంథులూ కావు. పుండు ఉన్న వైపున 1, 2, 3 స్థాయిల్లోనివి మాత్రమే. నోటి నుంచి లింఫ్ మొదట ఎక్కడికి పోతుందో పటం తెలుసు కాబట్టే అంత తక్కువతో సరిపెట్టగలిగారు. 1906లో అమెరికా సర్జన్ జార్జ్ క్రైల్ మెడ ఆపరేషన్ పద్ధతిని ప్రచురించినప్పుడు గ్రంథులతోపాటు ఆ పొడుగు పేరు కండరాన్నీ, జుగులర్ సిరనూ, భుజాన్ని ఎత్తే నాడినీ కూడా తీసేసేవారు. రోగి బతికినా భుజం వాలిపోయి, తల దువ్వుకోవడానికి చెయ్యి లేచేది కాదు. 1960లలో అర్జెంటీనా వైద్యుడు ఓస్వాల్డో సువారెజ్ వాటిని ఉంచి గ్రంథులను మాత్రమే తీయవచ్చని చూపించాడు.

ఆ నాడి సంగతి మామూలు బిళ్ళలకూ వర్తిస్తుంది. మెడ పక్క త్రికోణంలో అది చర్మానికి చాలా దగ్గరగా, లింఫ్ గ్రంథుల మధ్యలోంచి పోతుంది. చిన్న గింజే కదా అని అక్కడ మత్తు సూది వేసి తొందరగా తీసేసిన సందర్భాల్లో తెగుతుంటుంది. మెడలో బిళ్ళను ఎవరితో తీయించుకుంటున్నామో చూసుకోవాలి. అసలు తీయడానికి ముందు సన్న సూదితో కణాలు లాగి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్ష చేయించడం మేలు. చాలావాటికి జవాబు అక్కడే దొరుకుతుంది. లింఫోమా అనుమానముంటే మాత్రం గ్రంథి మొత్తం తీసి పరీక్షించాల్సి వస్తుంది.

కంఠమాల

మెడలో నెలల తరబడి ఉండే బిళ్ళలకు మన దేశంలో మరో పెద్ద కారణం టీబీ. 2023లో మన దేశంలో సుమారు 28 లక్షల మంది దాని బారిన పడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీల్లో ముందుండేది లింఫ్ గ్రంథులదే. వాటిలోనూ మెడవే ఎక్కువ. ఒకటితో మొదలై పక్కపక్కనే పూసల్లా తేలి, మెల్లగా ఒకదానికొకటి అతుక్కుంటాయి. మెడలో దండ వేసినట్టుంటుంది కనుక పాత వైద్యం దీన్ని గండమాల, కంఠమాల అంది. ఇంగ్లండులో రాజు చేత్తో తాకితే పోతుందని నమ్మేవారు. రెండో చార్లెస్ తన పాలనలో 90 వేల మందికి పైగా తాకాడని లెక్కలు. తర్వాత నిఘంటుకారుడైన శామ్యూల్ జాన్సన్‌ను చిన్నప్పుడు, 1712లో, ఆన్ రాణి దగ్గరకు తీసుకెళ్ళారు. బిళ్ళలు తగ్గలేదు. ఇది క్రిమి పని అని తెలిసింది 1882లో రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని కనుగొన్నాక.

ఈ బిళ్ళలు ముదిరితే లోపల చీము పడుతుంది, కానీ మామూలు గడ్డలా ఎర్రబడదు, వేడిగా ఉండదు. చీముంది కదా అని కోస్తే ఆ గాటు మానకుండా నెలల తరబడి కారుతూనే ఉంటుంది. సూదితో తీసిన నమూనాను టీబీ కేంద్రంలో సీబీనాట్ పరీక్షకు పంపితే క్రిమి ఉందో లేదో, మందుకు లొంగుతుందో లేదో గంటల్లో తేలుతుంది. ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో పరీక్షా మందులూ ఉచితమే. సాధారణంగా 6 నెలల మందులు. ఇక్కడ రోగులకు ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది, చాలాచోట్ల చెప్పడం లేదు. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకు బిళ్ళలు తగ్గకపోగా కొందరిలో పెరుగుతాయి, కొత్తవి కూడా తేలతాయి. చచ్చిన క్రిముల ముక్కల మీద శరీరం చూపే ప్రతాపం అది. మందు పనిచేయడం లేదని మానేస్తే ప్రమాదం. అలాగే 6 నెలలూ పూర్తయ్యాక చిన్న గట్టి గింజ మిగిలిపోవచ్చు. డాక్టరు చూసి సరేనంటే దానికోసం మళ్ళీ మందులు అక్కర్లేదు. ఊపిరితిత్తుల్లో టీబీ లేకుండా గ్రంథులకే పరిమితమైతే అది పక్కవాళ్ళకు అంటదు. ఆ ఇంటి ఆడపిల్లకు గిన్నె, గ్లాసు వేరు పెట్టనక్కర్లేదు.

ఏ బిళ్ళకు ఎంత ఆగాలి? జలుబు, గొంతు నొప్పి, పిప్పిపన్ను లాంటి కారణం కనిపిస్తూ, మెత్తగా జారే నొప్పి బిళ్ళయితే రెండు వారాలు చూడవచ్చు. అది తగ్గుముఖం పట్టకపోయినా, పెరుగుతున్నా, గట్టిగా కదలకుండా ఉన్నా, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం తోడైనా ఆగకూడదు. పొగాకు అలవాటుండి, నోట్లో మూడు వారాలుగా మానని పుండో, తెల్లటి మచ్చో, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడమో ఉంటే బిళ్ళ లేకపోయినా వెళ్ళాలి. పసుపు, సున్నం పట్టీలు, వాతలు వద్దు. మందుల షాపులో అడిగి వేసుకునే యాంటీబయాటిక్‌లలో కొన్ని టీబీని కొన్నాళ్ళు అణచి, పరీక్షకు దొరక్కుండా చేస్తాయి. స్టెరాయిడ్ మాత్రలు లింఫోమా బిళ్ళను తాత్కాలికంగా కరిగించి అదే పని చేస్తాయి.

వెళ్ళేటప్పుడు మూడు సంగతులు కాగితం మీద రాసుకుని వెళ్ళండి: బిళ్ళ మొదట ఏ తేదీన తగిలింది, అప్పుడు ఏ గింజంత ఉంది, ఈలోగా ఏమేం మందులు వేసుకున్నారు. డాక్టరు మెడ చూసి నోట్లోకి లైటు వేయకపోతే, కాస్త నోరు కూడా చూడమని మీరే అడగండి.